చలివేంద్రం దగ్గర సండేస్కూలు: ఒక అనంతపురం వేసవి డైరీ

మట్టల ఆదివారానికి ముందు

ఈ వేసవిలో చర్చి గేటు దగ్గర చలివేంద్రం పెట్టి, దాన్ని మా సండేస్కూలు పెద్ద తరగతి పిల్లల చేత నడిపించాలని నిర్ణయించాం. తొమ్మిదేళ్ల నుంచి పదమూడేళ్ల లోపు పిల్లలు వీళ్లు. నీళ్లు నింపడం, పోయడం, కడగడం అన్నీ వాళ్లే చేయాలి. పెద్దవాళ్లం పక్కన ఉంటాం.

ఈ ఏడాది మా పాఠం ఒకటే: మనిషి ఎలాంటివాడో అతని పనులు చెబుతాయి. బైబిల్లోని సామెతల గ్రంథం 20:11 కంఠత వాక్యంగా ఇచ్చాను. "బాలుడు సహితము తన నడవడి శుద్ధమైనదో కాదో, యథార్థమైనదో కాదో తన చేష్టలవలన తెలియజేయును." పిల్లలు త్వరగానే గడగడా ఒప్పజెప్పారు. ఒప్పజెప్పి, బయటికెళ్లి, చెప్పుల దగ్గర ఒకరినొకరు తోసుకున్నారు. అది వాళ్ల తప్పని నేను అనుకోను. వాక్యం నేర్పినంత శ్రద్ధగా పని నేర్పే చోటు మనం వాళ్లకు ఇవ్వడం లేదు. నీతికథ చెప్పి "ఇందులో నీతి ఏమిటి?" అని అడిగితే వాళ్లు సరైన జవాబే చెబుతారు. జవాబు చెప్పడం వాళ్లకు బడిలో రోజూ ఉన్న అలవాటే కదా.

అందుకే కథ ఒక్కటే తీసుకున్నాం. ఆదికాండము 24వ అధ్యాయం, రిబ్కా బావి దగ్గరి కథ. అబ్రాహాము తన కొడుక్కి పిల్లను వెతకమని దాసుణ్ణి పంపిస్తాడు. ఆ దాసుడు నాహోరు ఊరి బయట, సాయంత్రం ఆడవాళ్లు నీళ్లకు వచ్చే వేళ, బావి దగ్గర నిలబడి ప్రార్థన చేస్తాడు. ఆ ప్రార్థన నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. ఆకాశంలో గుర్తు అడగలేదు, కలలో దర్శనం అడగలేదు. "నేను తాగడానికి నీళ్లడిగితే, నీ ఒంటెలకు కూడా పెడతాను అనే పిల్ల ఎవరో ఆమే" అన్నాడు. రిబ్కా వచ్చి అలాగే చేసింది. పిల్ల గుణం తెలుసుకోవడానికి ఆయన ఎంచుకున్న పరీక్ష నీళ్లు మోసే పని. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే జిల్లాలో పుట్టిన పిల్లలకు ఈ పరీక్ష ఎంత బరువైనదో చేతులతో తెలియాలి అనిపించింది.

మట్టల ఆదివారం తర్వాతి శనివారం

ఒంటెల లెక్క వేశాం. బాగా దప్పిగొన్న ఒంటె ఒక్క దఫాలో 100 లీటర్ల దాకా తాగగలదు. దాసుడి వెంట వచ్చినవి 10 ఒంటెలు. అంటే 1000 లీటర్లు. మన ప్లాస్టిక్ బిందె సుమారు 15 లీటర్లు పడుతుంది. బోర్డు మీద భాగహారం చేసిన పిల్లవాడు 67 అని రాసి, తప్పు చేశానేమోనని మళ్లీ చేశాడు. ఒంటెలు సగమే తాగాయనుకున్నా ముప్పై పైచిలుకు బిందెలు. పైగా బైబిల్లో రిబ్కా బావిలోకి దిగి, కడవ నింపుకొని, ఎక్కి వచ్చిందని ఉంది. అంటే దిగుడు బావి. మా జిల్లాలో పాత దిగుడు బావులు చాలా ఊళ్లలో ఉన్నాయి, చాలావరకు ఎండిపోయాయి. పిల్లల్లో కొందరు వాళ్ల అవ్వగారి ఊళ్లో అలాంటి మెట్లు దిగి ఆడుకున్నవాళ్లే. ఆ మెట్లు నిండు కడవతో ఎక్కడం అనేసరికి వాళ్ల ముఖాలు మారాయి.

తర్వాత పని. చర్చి ఆవరణలో ఒక మూల బోరు కుళాయి, ఇంకో మూల 200 లీటర్ల డ్రమ్ము. బిందెలతో డ్రమ్ము నింపమన్నాను. రెండు ఒంటెలకు సరిపడా నీళ్లు అన్నమాట. చిన్నవాళ్లు సగం బిందెలే మోశారు. మొదట కేకలు, పందేలు. డ్రమ్ము సగానికి వచ్చేసరికి మాటలు తగ్గిపోయాయి. దారంతా నీళ్లు ఒలికి జారుడు అయింది. అప్పుడు ఒక అమ్మాయి ఎవరితోనూ అనకుండా వెళ్లి, వంటశాల దగ్గరి గోనెసంచులు తెచ్చి జారేచోట పరిచింది. బిందె మోయకుండా తప్పించుకుందని ఒకడు అరిచాడు. ఆమె ఏమీ అనకుండా మళ్లీ బిందె అందుకుంది.

నేనూ ఏమీ అనలేదు. రిబ్కా నీళ్లు పోస్తున్నంతసేపూ ఆ దాసుడు ఊరకే చూస్తూ నిలబడ్డాడని 21వ వచనంలో ఉంది. టీచర్లకు ఆ వచనం చాలా అవసరం. పిల్లవాడు మంచి పని చేయగానే మనం చప్పట్లు కొట్టిస్తాం. తర్వాతి పని వాడు ఆ చప్పట్ల కోసం చేస్తాడు.

చివర్లో అందరూ వేపచెట్టు కింద కూలబడ్డాక, ఏడో తరగతి పిల్ల అడిగింది: "అక్కా, ఆయనతో పాటు వేరే మొగోళ్లు కూడా వచ్చినారు కదా. అంతమంది ఉండి ఒక్కరూ ఒక కడవ కూడా అందుకోలేదా?" 32వ వచనంలో ఆయనతో వచ్చిన మనుషుల కాళ్లు కడగడానికి నీళ్లిచ్చారని ఉంది. ఆ పిల్ల గమనించింది. ఇన్నేళ్లుగా చదువుతున్నా నా కంట అది పడలేదు. వాళ్లు సాయం చేశారో లేదో బైబిల్లో రాయలేదని మాత్రం చెప్పాను.

ఈస్టరు వారం

సామాన్లు. పెద్ద మట్టి కుండలు కొన్నాం. కొత్త కుండను ఒక రాత్రంతా నీళ్లలో నానబెట్టి, మొదటి నీళ్లు పారబోయాలి, లేకపోతే మట్టివాసన వస్తుంది. కింద ఇసుక పరిచి, ఇసుకను తడుపుతూ, కుండ చుట్టూ తడి గోనె చుట్టాలి. కుండ గోడలోంచి నీళ్లు సన్నగా చెమర్చి ఆవిరవుతాయి, ఆ ఆవిరి లోపలి వేడిని తీసుకుపోతుంది. సైన్సు టీచరైన ఒక సంఘ సభ్యుడు ఇది చెబుతుంటే పిల్లలు కుండకు చెంప ఆనించి చూశారు.

మా వైపు చాలాచోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుంది కాబట్టి తాగడానికి ఫిల్టరు నీళ్ల క్యాన్లే తెప్పించాలని పెద్దలు అన్నారు. కడగడానికి బోరు నీళ్లు. కుండలో చెయ్యి పెట్టకుండా ముంచడానికి పొడుగు పిడి గ్లాసు. తాగేవాళ్లకు స్టీలు గ్లాసులు.

ఫ్లెక్సీ గురించి చర్చ జరిగింది. ఊళ్లో ప్రతి చలివేంద్రానికీ ఫ్లెక్సీ ఉంటుంది, మనకూ ఉండాలని పిల్లలు గట్టిగా అడిగారు. తమ ఫొటో చూసుకోవాలన్న ఆశ పిల్లలకు సహజం. మత్తయి 6వ అధ్యాయం మొదటి నాలుగు వచనాలు చదివి, మీరే తేల్చుకోండి అన్నాను. వాదించుకుని, చివరికి పలక మీద "నీళ్లు తాగి వెళ్లండి" అని రాసి కట్టారు. చర్చి పేరు కూడా వద్దన్నది వాళ్లే. ఎందుకని అడిగితే ఒకడు, "పేరు చూసి కొందరు రాకుండా పోతారేమో అక్కా" అన్నాడు.

నక్షత్రాల చార్టు గురించి కూడా ఇక్కడే రాస్తాను. మా తోటి టీచరు ఒకామె, పిల్లలంటే ప్రాణం పెట్టే మనిషి, మంచి పనికి ఒక నక్షత్రం అతికించి వేసవి చివర బహుమతి ఇద్దామన్నారు. పిల్లలు ఉత్సాహంగా వస్తారన్నది ఆమె మాట, అది నిజమే. కానీ మనం చూడాలనుకున్నది లోపలి గుణం. నక్షత్రం కోసం చేసిన పని, పిల్లవాడికి నక్షత్రం ఇష్టమని తప్ప ఇంకేమీ చెప్పదు. చార్టు వద్దని ఇద్దరం ఒప్పుకున్నాం. దానికి బదులు ఒక పద్ధతి పెట్టుకున్నాం: నీళ్లు తేవడం, పోయడం వంతులవారీగా పేర్లతో రాయాలి. కొన్ని పనులు మాత్రం ఎవరి పేరునా రాయకూడదు. ఎంగిలి గ్లాసులు కడగడం, ఇసుక తడపడం, సాయంత్రం కుండల అడుగు తోమడం ఎవరి పనీ కాని పనులుగా వదిలేశాం. ప్రాజెక్టు మొత్తంలో నాకు ముఖ్యమైన భాగం ఇదే.

మొదలుపెట్టిన వారం

ఆటోవాళ్లు, మార్కెట్టుకు చీనీకాయలు దింపి వెళ్లే హమాలీలు, బస్సు దిగి ఆసుపత్రికి నడిచే పల్లెల వాళ్లు వస్తున్నారు. అందరికీ పోయడమే కావాలి. గ్లాసులు కడగడానికి ఎవరూ లేరు. రెండో రోజుకే ఎంగిలి గ్లాసులు పేరుకుని, పోయడానికి గ్లాసు లేక పని ఆగింది. పిల్లలు నావైపు చూశారు. నేను కుండ మీద మూత సర్దుతూ ఉండిపోయాను.

అప్పుడే ఒకడు ఉపాయం చెప్పాడు. గ్లాసులు ఎందుకు, దోసిట్లో పోస్తే సరిపోతుంది, కడిగే పనే ఉండదు కదా అని. వాడి మనసులో ఏ దురుద్దేశమూ లేదు. మంచి ఉపాయమని మిగతావాళ్లు కూడా సంబరపడ్డారు.

ఆ పూట పిల్లలకు మజ్జిగ తెచ్చిన అవ్వ ఒకామె గేటు అరుగు మీద కూర్చుని ఉంది. సంఘంలో పెద్దావిడ, ఎక్కువ మాట్లాడదు. ఆమె లేచి వచ్చి అంది: "దోసిట్లో పోయొద్దు నాయనా. మా చిన్నప్పుడు ఊరి బావి గట్టు మేము ఎక్కకూడదు. ఎవరో ఒకరు మనసు కరిగి తోడిపోసేదాకా కడవ పక్కన పెట్టుకుని కూచోవాల. దప్పికైతే దోసిలి పట్టాల. వాళ్లు పైనుంచి పోస్తా ఉంటే మోచేతుల మీద కారిపోయేవి. పోసినోళ్లు కూడా పుణ్యం చేసినామనే అనుకునిరి. ఎవరొచ్చినా గ్లాసు చేతికియ్యండి."

పిల్లల్లో చాలామందికి ఈ సంగతి ఇంట్లో ఎవరూ చెప్పలేదు. ఆమె మనవరాలు కూడా మొదటిసారి వింటున్నదే. ఇక ఆ ఆదివారం నేను సిద్ధం చేసుకున్న పాఠం పక్కన పెట్టి యోహాను 4వ అధ్యాయం చదివాం. మిట్టమధ్యాహ్నం, నడిచి అలసిన యేసు యాకోబు బావి దగ్గర కూర్చుని సమరయ స్త్రీని నీళ్లడుగుతాడు. యూదులు సమరయులతో సాంగత్యం చేయరు కాబట్టి ఆమె నిర్ఘాంతపోతుంది. ఆమె చేతి నీళ్లు అడిగినప్పుడే యేసు ఎలాంటివాడో ఆమెకు కొంత తెలిసింది, ఇంకా ఏ బోధా మొదలుకాకముందే. నీళ్లు ఇచ్చారా లేదా అన్నదొక్కటే చూస్తే ఆ బావి గట్టు మీది మనుషులు కూడా ఇచ్చినవాళ్లే. ఎలా ఇచ్చారన్నది అవ్వకు ఇన్నేళ్లయినా గుర్తుంది.

ఆ తర్వాత పిల్లలే నియమం పెట్టుకున్నారు: గ్లాసు చేతికి ఇవ్వాలి, ముఖం చూసి ఇవ్వాలి, అందరికీ ఒకే గ్లాసులు, ప్రతిసారీ కడగాలి. కడిగే పని రెట్టింపయింది. అయినా దాన్ని ఎవరి పేరునా రాయలేదు. మరునాటి నుంచి గ్లాసులు పేరుకోవడం తగ్గింది. ఎవరు కడుగుతున్నారో నాకు తెలుసు, ఇక్కడ రాయను. దోసిలి ఉపాయం చెప్పినవాడు వాళ్లలో ఉన్నాడని మాత్రం రాస్తాను, ఎందుకంటే ఆ పిల్లవాడి గురించి నేను దేవునికి కృతజ్ఞతలు చెప్పాను.

మే మొదట్లో

ఎండ 40 దాటింది. మధ్యాహ్నం పిల్లల్ని ఉంచడం లేదు. పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట. మధ్యలో యూత్ వాళ్లు చూస్తున్నారు.

ఒక బస్సు ఆగి జనం బాటిళ్లు పట్టుకుని వచ్చారు. అందరూ నింపుకుంటే కుండ ఖాళీ. ఒక అమ్మాయి ఇవ్వనంది, ఇంకొకామె పోసేసింది, ఇద్దరికీ గొడవ. ఎవరు కరెక్టో నేను తేల్చలేదు. ఇవ్వనన్న అమ్మాయి తర్వాత వచ్చేవాళ్ల గురించి ఆలోచించింది. పనిని బట్టి గుణం తెలుస్తుందని చెప్పేటప్పుడు ఈ జాగ్రత్త కూడా నేర్పాలి. బయటికి పిసినారితనంలా కనిపించింది లోపల బాధ్యత కావచ్చు. "మనుష్యులు పైరూపమును లక్ష్యపెట్టుదురు గాని యెహోవా హృదయమును లక్ష్యపెట్టును" అని సమూయేలు ప్రవక్తకు దేవుడు చెప్పిన మాట ఆ సాయంత్రం చదువుకున్నాం.

పగిలిన కుండ అడుగు భాగం ఒకటి వేపచెట్టు కింద నీళ్లతో కనిపిస్తోంది. మేకలు, కుక్కలు తాగుతున్నాయి. మనుషులకు చలివేంద్రం అనుకున్నాం గానీ జీవాల సంగతి పెద్దవాళ్లం ఎవరమూ తలపెట్టలేదు. ఒంటెల పాఠం ఎవరికో బాగా ఎక్కింది.

వీబీఎస్ వారం

వీబీఎస్ అంటే సెలవుల్లో పిల్లలకు నడిపే బైబిలు బడి. ఊరి పిల్లలంతా వచ్చారు, ఇతర సంఘాల వాళ్లు కూడా. పాటలు, బొమ్మలు, ఉప్మా. ఆ సందడి గురించి ఇక్కడ రాయను.

మత్తయి 21లోని ఇద్దరు కొడుకుల ఉపమానం చెప్పాను. ఒకడు పోనని చెప్పి తర్వాత మనసు మార్చుకుని తోటకు పోయాడు, ఇంకొకడు పోతానని చెప్పి పోలేదు. మా తరగతిలో ఒక అబ్బాయి మొదటినుంచీ చలివేంద్రానికి రానంటూనే ఉన్నాడు. వాళ్లమ్మ నా ముందే "వీడు ఉత్త మొండోడు టీచర్" అంది. ఈ వారం పొద్దున్నే క్యాన్ల ఆటో రాకపోతే, పిలవకుండానే సైకిల్ మీద క్యాను కట్టుకుని తెచ్చిపెట్టి వెళ్లిపోయాడు. ఆ తల్లికి నేను చెప్పింది ఒకటే: వాడి పేరు మొండోడని మీరు ఖాయం చేయకండి అమ్మా. ఒక్క పనిని చూసి పిల్లవాడి గుణం రాసిపెట్టే హక్కు మనకు లేదు. యేసును ఎరుగనని మూడుసార్లు బొంకిన పేతురునే ఆయన తన గొర్రెలు మేపమన్నాడు.

మత్తయి 7 కూడా చదివాం. "ముండ్లపొదలలో ద్రాక్షపండ్లనైనను, పల్లేరుచెట్లలో అంజూరపు పండ్లనైనను కోయుదురా?" పల్లేరుకాయ గురించి మా పిల్లలకు వివరించే పనే లేదు. శనక్కాయ చేలల్లో వట్టికాళ్లతో నడిచినవాళ్లు అందరూ కాళ్లు చూపించారు.

దాని మీద ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఈ వేసవి అంతటికీ పెద్ద ప్రశ్న. "మంచి పనులు చేయకపోతే దేవుడు మనల్ని ప్రేమించడా అక్కా?" ఆమె గొంతులో భయం ఉంది. క్రియల గురించి నేర్పే ప్రతి టీచరూ ఈ భయానికి బాధ్యత తీసుకోవాలి. సరిగ్గా చెప్పకపోతే పిల్లలు దేవుణ్ణి మార్కులు వేసే మాస్టారుగా ఊహించుకుంటారు, పెద్దయ్యాక కూడా ఆ టెన్షన్ పోదు.

పన్నులు వసూలు చేసి ధనవంతుడైన జక్కయ్య కథతో జవాబు చెప్పాను. లూకా 19లో ఏది ముందు జరిగిందో చూడమన్నాను. ముందు యేసు మేడిచెట్టు కింద ఆగి, "ఈరోజు నీ ఇంట్లో ఉండాలి" అన్నాడు. జక్కయ్య అప్పటికి ఒక్క రూపాయి కూడా తిరిగివ్వలేదు. ఆస్తిలో సగం పేదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తాననడం ఆ తర్వాత. తప్పు ఒప్పుకుని తిరిగిచ్చేవాడు ఐదో వంతు కలిపి ఇవ్వాలన్నది ధర్మశాస్త్రం, సంఖ్యాకాండము 5:7. అంటే 100కు 120. జక్కయ్య 400 ఇస్తానన్నాడు. ఆ మిగతా 280 ఎక్కడినుంచి వచ్చిందని అడిగాను. కాసేపు ఆలోచించి ఆ అమ్మాయే చెప్పింది, "యేసయ్య ఇంటికొచ్చిన సంతోషం నుంచి." ఎఫెసీ 2:8 నుంచి 10 వరకు పెద్ద పిల్లలతో చదివించాను. కృపచేతనే రక్షణ, క్రియల వలన కాదు. ఆ వెంటనే, సత్క్రియలు చేయడానికే సృష్టించబడ్డామని. రెండూ కలిపే నేర్పాలి, ఒకటి విడిచి ఒకటి నేర్పితే పిల్లలకు అన్యాయం చేసినట్టే.

ఇంటిపని ఒకటి ఇచ్చాను: చేసిన పనులను బట్టి మీకు గుర్తున్న మనిషి ఎవరని ఇంట్లో పెద్దల్ని అడిగి రండి. కొందరు మంత్రసాని పేరు, కొందరు పాత బడి మాస్టారు పేరు తెచ్చారు. ఎక్కువమంది తెచ్చిన పేరు విన్సెంట్ ఫెర్రర్. బార్సెలోనాలో 1920లో పుట్టి, 1952లో జెస్యూట్ అనే కాథలిక్ సన్యాసుల సభ మిషనరీగా మన దేశానికి వచ్చి, 1969లో అనంతపురం చేరి, ఆ తర్వాత జెస్యూట్ సభను విడిచి, ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ద్వారా ఇళ్లు, బడులు, ఆసుపత్రులు కట్టించి 2009లో కన్నుమూసిన మనిషి. ఇందులో పిల్లలు తెచ్చిన వివరాలు మాత్రం వేరు: మా జేజికి ఇల్లు, మా అత్తకు బత్తలపల్లి ఆసుపత్రిలో కాన్పు, మా నాయనకు బడి. ఆయన ఏమి మాట్లాడాడో ఒక్కరూ రాసుకు రాలేదు.

రోహిణి కార్తె

రోళ్లు పగిలే ఎండలంటారు, అలాగే ఉన్నాయి. రాక తగ్గించమని తల్లిదండ్రులకు చెప్పాం. అయినా పొద్దున్నే ఇసుక తడిసి ఉంటోంది.

ఒక తండ్రి వచ్చి, ఇంట్లో తన కూతురు తిన్న కంచంతో పాటు తమ్ముడి కంచం కూడా కడుగుతోందని చెప్పాడు. ఆయన దాన్ని గొప్పగా చెప్పుకున్నాడు. తమ్ముడికి కూడా ఆ పని నేర్పండి అని చెప్పాను. మంచి గుణమంటే ఆడపిల్ల చాకిరీ అని ఇంట్లో అర్థమైతే మన పాఠం పక్కదారి పట్టినట్టే. ఈ సంగతి మా పాస్టరు అయ్యగారితోనూ మాట్లాడాను, తల్లిదండ్రుల కూటంలో చెబుతానన్నారు.

మృగశిర వచ్చాక

ఒక మంచి వాన పడింది. బడులు తెరవబోతున్నారు. కుండలు కడిగి, ఎండబెట్టి, బోర్లించి వంటశాల అటక మీద పెట్టాం. గ్లాసుల్లో కొన్ని పోయాయి, వచ్చే ఏటికి కొనాలి. పలకను చిన్న తరగతి వాళ్లు అడిగి తీసుకున్నారు.

తర్వాతి పాఠం బైబిల్లోని రూతు, పొలంలో పరిగె ఏరుకున్న పరదేశి స్త్రీ కథ. పొలం యజమాని బోయజు, ఆమె కోసం పనలోంచి కొన్ని పిడికెళ్లు కావాలనే జారవిడవమని పనివాళ్లకు చెప్పే చోటు నాకు కావాలి. పంట కోశాక రాలి మిగిలిన వెన్నులు, అంటే పరిగె, పేదలకు, పరదేశులకు వదలాలని లేవీయకాండము 19లో ఉన్న ఆజ్ఞ కంటే అది ఒక అడుగు ముందుకు. మా పిల్లలకు శనక్కాయ పీకాక చేలో మిగిలిన కాయలు ఏరడం తెలుసు. ఏరేవాళ్ల వైపునుంచి తెలుసు. ఈసారి వదిలేవాళ్ల వైపునుంచి కూడా చూడాలి. సంఘంలో శనక్కాయ వేసే రైతు ఒకాయనను ఒక పూట పిల్లల్ని చేలోకి తీసుకురావచ్చా అని అడిగాను. రమ్మన్నారు. ముందు విత్తనం పడాలి, వాన నిలవాలి, కాయ ఊరాలి, అక్టోబరు దాకా ఆగాలి. ఈలోపు వచ్చే ఆదివారం నుంచి రూతు మొదటి అధ్యాయం చదవడం మొదలుపెడతాం.